కుట్టుమిషన్ కింద నేను, ఎదురుగా లేబర్ మేడమ్

పదహారేళ్ల వయసులో, అలసట అనేది పెద్దవాళ్లకు వచ్చే జబ్బని నా గట్టి నమ్మకం. పదో తరగతి అయ్యాక రాయచూరులో కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణంలో పనికి కుదిరాను. మా వీధిలో కుట్టే ఆడవాళ్లు బోలెడుమంది. బాగుచేసే ఆడమనిషి ఒక్కతీ లేదు. ఆ ఒక్కతె నేనే కావాలని పట్టుదల. దుకాణం పెద్దాయనను అందరూ ఉస్తాద్ అనేవారు.

ఒకరోజు లేబర్ ఆఫీసు మేడమ్ వస్తోందని తెలియగానే ఉస్తాద్ నన్ను ఒక మిషన్ కిందికి నెట్టి పైన దుప్పటి కప్పాడు. "ఇక్కడ పిల్లలెవ్వరు లేరు మేడమ్, నేనొక్కణ్నే" అన్నాడు. నాకు రోషం పొడుచుకొచ్చింది. నాలుగు నెలల్లో సగం పని నేర్చినదాన్ని, లేనంటాడా? దుప్పటితో సహా బయటికొచ్చాను (తల బల్లకు తగిలింది, అయినా తడుముకోలేదు).

"నాకు పదహారు నిండినయ్ మేడమ్. మార్కుల కార్డు తేవాల్నా?"

"పదహారంటే ఈ పని చేయొచ్చమ్మా. మరి దాక్కుంటివెందుకు? ఎన్ని గంటలు చేస్తవ్?"

అక్కడితో ఆగితే బాగుండేది. "పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాంక. నడుమల కూసోను కూడా కూసోను" అన్నాను గర్వంగా. ఉస్తాద్ కళ్లు మూసుకున్నాడు.

మేడమ్ వివరంగా చెప్పింది: మూడు గంటలయ్యాక ఒక గంట విశ్రాంతి, దాంతో కలిపి రోజుకు ఆరు గంటలే, సాయంత్రం ఏడు దాటితే పనే వద్దు, వేళలన్నీ రిజిస్టర్లో రాయాలి. ఈసారికి హెచ్చరించి వదిలింది. ఆమె వీధి మలుపు తిరగగానే ఉస్తాద్, "రేపటి సంది రాకు బిడ్డా. గీ కాయిదాల లొల్లి నాతోని కాదు" అన్నాడు.

మర్నాడు నోటుబుక్కులో గీతలు గీసి, రిజిస్టర్ అని పెద్దక్షరాలతో రాసి, దుకాణం మెట్ల మీద కూర్చున్నాను.

"ఏందే ఇది?"

"ఇయాల్టి రెస్టు గంట ముందే తీసుకుంటున్న. అయినంక పన్జేస్త."

ఉస్తాద్ నవ్వాపుకోలేక లోపలికి రమ్మన్నాడు. రెస్టు మాత్రం మేడమ్ చెప్పిన వేళకే అన్నాడు.

మూడు గంటలు గడిచాక బలవంతంగా గోడకు ఆనుకుని కూర్చోబెట్టాడు. కళ్లు తెరిచేసరికి రెండు గంటలు గడిచిపోయాయి. రిజిస్టర్లో ఉస్తాద్ వంకర అక్షరాలతో "పాప పడుకున్నది" అని రాసి ఉంది. అది చూసి నేను సిగ్గుతో చచ్చి, వారం రోజులు ఆయనతో సరిగా మాట్లాడలేదు.

ఇప్పుడు నాకు సొంత దుకాణం ఉంది. గోడకు ఆనుకుని నిద్రపోయిన ఆనాటి పదహారేళ్ల పిల్ల గుర్తొస్తే, ఇంకో అరగంట పడుకోనిస్తే బాగుండేదనిపిస్తుంది.