ఆదివారం పొద్దున ఎవరూ రాని వెబ్‌సైట్

తడిసిన గోనెసంచిలో చామంతులకు ఒక వాసన ఉంటుంది, కొంచెం చేదు, కొంచెం మట్టి. నిన్న ఆఫీసులో పూజకని తెప్పించిన పూల మూటను లిఫ్టు పక్కన దించితే ఆ వాసన నా సీటు దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే మా టీములో కొత్తగా చేరిన అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి, పైకి లేచిన గీత ఒకటి చూపించి, "మేడం, మన సైట్‌కు జనం రెట్టింపయ్యారు" అంది. ఎవరు వాళ్లు అని అడిగాను. "విజిటర్స్ మేడం" అంది. నాకు ఒళ్లు మండింది. ఆ మంట రూతమ్మ మేడం దగ్గర అంటుకున్నది, ఇప్పటికీ ఆరలేదు.

రూతమ్మ మేడం సర్కారు దవాఖానలో నర్సుగా రిటైరై, మొయినాబాద్‌లో ఐదు కంప్యూటర్లతో ఇంటర్నెట్ సెంటర్ పెట్టారు. సందుకో కంప్యూటర్ కోర్సు బోర్డు లేచిన రోజులవి. నేను డిప్లొమా చేసి, చేవెళ్ల నుంచి రోజూ బస్సులో వచ్చి అక్కడ పనిచేసేదాన్ని. చుట్టుపక్కల పూల రైతులకు వెబ్‌సైట్ చేద్దామన్న ఆలోచన ఆవిడదే. పెళ్లి మండపాలు అలంకరించే పట్నంవాళ్లు అందులో పూలు చూసి నేరుగా రైతుకే ఫోన్ చేయాలి. పేజీలు చేయడం నా పని, నా ప్రాణం తీయడం ఆవిడ పని. గులాబీల పేజీ ఎంత ముద్దుగా చేసి చూపించినా ఒకటే ప్రశ్న. "చూసిండు, మంచిగున్నది. ఇగ యాడికి పోవాలె?" ఎక్కడికీ పోనక్కరలేదు మేడం, అక్కడే చూస్తాడు అనేదాన్ని. "డాక్టరు చూసినంక మందుల కిటికీ ఎటున్నదో చెప్పకపోతే, మనిషి చిట్టీ జేబుల పెట్టుకొని ఇంటికి పోతడు బిడ్డా." దవాఖానకూ వెబ్‌సైట్‌కూ ముడేమిటని లోపల గొణుక్కుని, అప్పటికి తలూపి ఊరుకునేదాన్ని.

నాకు కావలసింది అంకె. పేజీ అడుగున వచ్చినవాళ్లను లెక్కపెట్టే చిన్న పెట్టె ఒకటి ఉండేది. ఉన్నట్టుండి అది పరుగెత్తడం మొదలుపెట్టింది. నా కాళ్లు నేల మీద లేవు. మేడంకు చెప్పేలోపే, సెంటర్‌కు వచ్చిన చిన్న మంగళారం ఊరి పూల రైతు మల్లేశన్నకు చెప్పేశాను, వేలమంది మీ చామంతులు చూస్తున్నారని. ఆయన ఆ మాట పట్టుకుని వెళ్లి, రెండెకరాల టమాట తీసేసి చామంతి పెట్టడానికి దున్నించాడు. ఆ సంగతి విని మేడం, "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని, కళ్లజోడు పెట్టుకుని నా పక్కన కూర్చున్నారు. ఏ రోజు, ఏ గంటకు ఎంతమంది వచ్చారో చూపించమన్నారు. చూపించాను. ఒక్కో వరుసా వేలితో దిగుతూ పోయి ఒకచోట ఆగారు.

"ఆదివారం పొద్దున ఒక్కలు గూడ రాలే. ఎందుకు?"

"సెలవు కదా మేడం."

"పోయిన ఆదివారం గూడ రాలే. పన్నెండు దాటినంకనే వస్తున్నరు. లోకమంతా నాతోని చర్చికి వస్తున్నదా, సునీతా?"

ఆదివారం ఆవిడ చర్చి నుంచి వచ్చాకే మా సెంటర్ తలుపు తెరిచేవారు. అంటే ఆ లెక్కంతా మా సెంటర్‌దే. ఐదు కంప్యూటర్లలోనూ ఇంటర్నెట్ తెరవగానే ముందు మా పేజీయే కనబడేలా పెట్టింది నేనే. పరీక్ష ఫలితాలకొచ్చినవాళ్లు, మెయిల్ చూసుకోవడానికొచ్చినవాళ్లు, అందరూ మా చామంతుల మీదుగానే పోతున్నారు. "ఒక్క ముసలామె పది దినాలొస్తే పది చిట్టీలైతయి, పదిమంది పేషెంట్లు కారు" అన్నారు మేడం. మల్లేశన్నకు మీరు చెప్పండి అని బతిమాలాను. "ఆశ పెట్టిన నోరే చెప్పాలె" అని ఆటో ఎక్కించారు. ఆ క్షణాన ఆవిడంటే నాకు ఎంత కోపమొచ్చిందో చెప్పలేను.

మల్లేశన్న దున్నిన చెలకలో నిలబడి ఉన్నాడు. మర్నాడు పొద్దున నారు దిగుతుందట. అంతా చెప్పాను. మా సెంటర్‌వాళ్లను తీసేస్తే ఎంతమంది మిగులుతారని అడిగాడు. తొమ్మిది మంది అన్నాను.

"ఆ తొమ్మిది మంది ఏం చూసిండ్రు చెల్లె?"

నేను చూడలేదు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. "సదువుకున్నదానివని నమ్మిన" అని, నారు ఆపడానికి వెళ్లిపోయాడు.

సెంటర్‌కు తిరిగొచ్చి ఆ తొమ్మిది మంది దారీ వెతికాను. దాదాపు అందరూ చామంతుల పేజీ దాకా వచ్చి, అక్కడి నుంచే వెళ్లిపోయారు. ఫోన్ నంబరు మొదటి పేజీలో తప్ప ఎక్కడా లేదు. మందుల కిటికీ ఎటో నేను చెప్పలేదు. మేడం తెరవైపు చూసి, టీ తెప్పించారు. ప్రతి పేజీ అడుగునా నంబరూ, తర్వాత చూడవలసిన పేజీ పేరూ పెట్టేదాకా పక్కనే కూర్చున్నారు. కొన్ని వారాలకు పట్నం నుంచి మండపాలాయన ఒకరు మల్లేశన్నను అడుగుతూ ఫోన్ చేశారు. ఆ ఏడు మల్లేశన్న అర ఎకరమే చామంతి పెట్టాడు.

మేడం పోయి చాలా ఏళ్లయింది. ఏ లెక్క వచ్చినా నేను ముందు ఆదివారం పొద్దున ఎంతమంది వచ్చారో చూస్తాను. నిన్నటి గీతలోనూ ఆదివారాలు ఖాళీ, అందుకే ఆ అమ్మాయితో మన ఆఫీసువాళ్లను తీసేసి లెక్క తెమ్మన్నాను. గంటకు వచ్చింది, గీతతోపాటు ముఖమూ దిగిపోయి ఉంది. మిగిలినవాళ్లు ఏం చూశారని అడిగాను. చూడలేదంది. విసుక్కోబోయి, చెలకలో నిలబడ్డ మల్లేశన్న గుర్తొచ్చి ఆగాను. టీ రెండు చెప్పి, పక్క కుర్చీ లాగి కూర్చోమన్నాను.