చింతపండు తగలని నెమలి

నిన్న శుక్రవారం పూజకి ముందు మా మనవరాలు ఇత్తడి కుందులతో పాటు నా నెమలి రూపాయి కూడా పళ్ళెంలో వేసుకుని, చింతపండు పిసుకుతూ కూర్చుంది. నేను గుమ్మంలోంచి పెట్టిన కేకకి దాని చేతిలో గుజ్జు కాస్తా నేల మీద పడింది. "ఏటి మామ్మా, మురికి ఒదలగొడుతుంటే అలాగ అరుస్తావు?" అంది. మురికి కాదే అని, నాణెం పైట చెంగున ముడేసుకుని వచ్చి కూర్చున్నాను. అప్పటినుంచీ మా మేనత్తే కళ్ళ ముందు మెదులుతోంది.

పంతొమ్మిది వందల ఇరవైల నాటి మాట. రంగూన్‌లో, లమ్మడా పేటలో, మేడ మీద మూడో అంతస్తులో ఉండేవాళ్ళం. అమ్మ పోయింది. నాన్న రేవు దగ్గర పప్పుల కొట్టుకి పొద్దున్నే వెళ్ళి దీపాల వేళకి వచ్చేవాడు. ఇల్లు నడిపేది అత్త, నాన్నకి అక్క. అహ్లోన్ బియ్యం మిల్లులో మేస్త్రీగా చేసిన మావయ్య పోయాక నాన్నే తీసుకొచ్చి పెట్టుకున్నాడు. విధవరాలు ఎదురొస్తే బయల్దేరినవాళ్ళు వెనక్కి తిరుగుతారని ఆవిడ, ఈడొచ్చిన పిల్ల వీధిలో కనపడకూడదని నేను, ఇద్దరం ఆ మెట్లు దిగేవాళ్ళం కాదు. కిటికీకి ఇనప చువ్వలు. ఎదురు మేడల సందులోంచి చెయ్యి వెడల్పున నది కనిపించేది. ఓడ కూత వినపడితే అత్త చేతిలో గరిటె ఆగిపోయేది. నాకు అక్షరాలు దిద్దించింది కూడా ఆ కిటికీ దగ్గరే, బియ్యం పోసిన చేటలో వేలితో. బడి గుమ్మం తొక్కని నేను ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే అది ఆవిడ పెట్టిన భిక్ష. రోజూ దీపం పెట్టేటప్పుడు దేవుడితో పాటు ఆవిడనీ తలుచుకుంటాను.

ఆ యేడు భీమిలిలో అత్త ఒక్కగానొక్క కూతురికి నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు. తల్లి లేకుండా ఎలాగ? ఎప్పుడడిగినా నాన్న "ఒచ్చే ఓడకి సూద్దాం అక్కా" అనేవాడు. ఆయన చెడ్డవాడు కాదు, అత్త వెళ్తే ఇంట్లో పొయ్యి వెలిగేదెలా అన్నదే ఆయన బెంగ. అత్త మాత్రం "నీ ఒచ్చే ఓడ సముద్రంలోనే తిరుగుతాది గాని రేవుకి రాదురా తమ్ముడా!" అనేది. ఒకరోజు ఆ పోరు పడలేక నాన్న, "పోనీ నీ నెమలి రూపాయలు కింద సయాకి అమ్ముకో, టిక్కెట్టు ఒస్తాది" అన్నాడు. నవ్వుతాలకి అన్నాడు గానీ అత్త పట్టేసుకుంది.

నెమలి రూపాయలంటే బర్మా రాజుల కాలం వెండి నాణేలు, పురి విప్పిన నెమలి బొమ్మవి. మావయ్య ఎప్పుడో కొనిచ్చినవాటిలో మూడు అత్త పెట్లో ఉండేవి. ఇక సయా అంటే కింద వాటాలో ఉండే బర్మా పెద్దాయన. చదువుకున్న పెద్దవాళ్ళని అక్కడ అలాగే పిలుస్తారు. ఒకప్పుడు మిల్లులో మనవాళ్ళతో కలిసి పనిచేసినాయన కనక తెలుగు బాగానే వచ్చు. పాత నాణేలంటే ప్రాణం.

నాన్న కబురు చెప్తే, కొట్టుకి సెలవున్న రోజు వస్తానన్నాడాయన. ఆవేళ అత్త తెల్లారగానే చింతపండు, బూడిద పెట్టుకుని కూర్చుంది. "పెద్దమనిషికి లచ్చిందేవిని మసి మొకంతో సూపిత్తామేటే?" అంటూ తోమింది, తోమింది. ముగ్గురు లక్ష్ములూ అప్పుడే పోతపోసినట్టు తళతళలాడారు.

సయా ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి, జేబులోంచి భూతద్దం తీశాడు. మొదటిదానికి గొలుసు కొక్కెం అతికించారు. "ఇది నగ అయిపోయింది" అని పక్కన పెట్టాడు. రెండోదానికి చిల్లు. మూడోదాన్ని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి, "ఎవరు తోమారు?" అన్నాడు.

"నేనే సయాబాబూ! పొద్దుటి కాణ్ణుంచీ" అంది అత్త గర్వంగా.

ఆయన నవ్వలేదు. "వెండి తూకానికైతే కంసాలి కొంటాడమ్మా. నాలాంటివాడు తోక మీద ఈకలు అరక్కుండా ఉన్నాయా, ఇలాంటివి ఇంకెన్ని మిగిలాయి అని చూస్తాడు. అన్నిటికంటే ముందు పైనున్న నలుపు చూస్తాడు. అది మురికి కాదు. రాజుగారి టంకశాల నుంచి మీ పెట్లోకి వచ్చేదాకా పట్టిన కాలం."

అత్త చిన్నగా, "అయితే నేను నా టిక్కెట్టునే తోమీసానా బాబూ?" అంది.

అప్పుడు నాకు నాలుగోది గుర్తొచ్చింది. అత్త ఆ యింటికి వచ్చిన కొత్తలో అమ్మకి ఇస్తే, అమ్మ దాన్ని పట్టుగుడ్డలో చుట్టి లక్ష్మి పటం వెనక పెట్టింది. అమ్మ పోయాక దాన్ని ఎవరూ తియ్యలేదు. దేవుడి గూట్లో తన చెయ్యి పడకూడదని అత్త ఆ దరిదాపులకే పోదు. నన్ను దీపం పెట్టడం తప్ప ఏదీ కదపొద్దన్నారు. ఆ గూటి ముందు నిలబడ్డాను. ఇది ఇస్తే అత్త వెళ్ళిపోతుంది. ఈ చువ్వల వెనక నేనొక్కదాన్నే మిగులుతాను. తల్లీ, నీ ఇష్టం అనుకుని చెయ్యి పెట్టాను.

"ఒద్దే! ఇంటి లచ్చిమి గడప దాటకూడదు!" అంది అత్త.

"పురిటింటికేగా అత్తా వెళ్ళేది" అన్నాను.

నాన్న తల దించుకున్నాడు. సయా నాణేన్ని అంచులు మాత్రమే పట్టుకుని చాలాసేపు చూశాడు. నల్లగా, నీలి ఛాయతో, ఈకలన్నీ విడివిడిగా. "ఇంత పదిలంగా దాచిందెవరు?"

"ఎవరూ దాయలేదు బాబూ. నా సెయ్యి తగలకూడదని ఒదిలీసినాం, అంతే."

ఆయన ఆవిడ వంక ఓసారి చూసి, బేరమాడకుండా ఇచ్చాడు. ఓడ టిక్కెట్టుకి సరిపోయి, పురిటి బట్టలకి కూడా మిగిలింది.

వెళ్ళేటప్పుడు అత్త తను తోమిన మూడో రూపాయి నా చేతిలో పెట్టింది. కిటికీ దగ్గర నిలబడ్డాను. ఓడ కూసింది. మేడల సందులో ఆ కాస్త నదినీ నిండుగా కప్పేసింది, తరవాత మళ్ళీ ఖాళీ నీళ్ళు. ఆ రోజు గరిటె నా చేతిలో ఉంది. నొప్పులు మొదలవక ముందే చేరిందని, ఆడపిల్ల పుట్టిందని ఆ వైపు నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. నా పెళ్ళయ్యేదాకా నేను ఆ మెట్లు దిగలేదు. అయినా ఆ కబురు చాలు, దేవుడు నాకేం తక్కువ చెయ్యలేదు.

తోమినదానికి మళ్ళీ నలుపు పట్టదా అని అప్పట్లోనే సయాని అడిగాను. "పడుతుందమ్మా, నువ్వు ముసలిదానివయ్యేసరికి. కాని పాత విలువ రాదు" అన్నాడు. ఇవాళ ముడి విప్పి చూసుకున్నాను. నిజమే, బాగా నల్లబడింది. అత్త తోమేసిన కాలం రాజులదీ, మావయ్యదీ. ఇప్పుడు దీని మీద ఉన్నది, ఆవిడ ఓడెక్కిన నాటి నుంచీ పట్టిన నా కాలం.