చలి వచ్చేదాకా పూయని చిక్కుడు

మా గ్రూపులో ఎవరికీ పేర్లు ఉండేవి కావు. ఎవరు ఏ విత్తనం కాపాడుతుంటే అదే వాళ్ళ పేరు. గ్రూపు పెట్టిన పెద్దమనిషి గోంగూర అన్న. డోర్నకల్‌లో రైలు పట్టాల మీద పనిచేసే అతను కాకర తమ్ముడు. నేను చిక్కుడు అక్కను. మొదట్లో నలభై మందిమి ఉండేవాళ్ళం. అందరం వరంగల్ చుట్టుపక్కల వాళ్ళమే, మిద్దె మీద కుండీల్లోనో పెరట్లో రెండు గజాల జాగాలోనో కూరగాయలు పెంచుకునేవాళ్ళం. ధర్మసాగర్ దగ్గర ఒక ఊళ్ళో నేను బడిపంతులమ్మను, ఉండేది కొత్తవాడలో. పొద్దున్నే ఫోన్ పట్టుకునేది ఆ గ్రూపు కోసమే. సిగ్గు విడిచి చెబుతున్నాను, మా ఆయన మొహం కన్నా ముందు గోంగూర అన్న పెట్టిన ఆకు ఫొటో చూసేదాన్ని.

ఆ చిక్కుడు నాది కాదు, మా అత్తది. అత్తకూ నాకూ పడేది కాదు. దాచడానికేముంది, మా గల్లీ అంతటికీ తెలుసు. నేను ఏది వండినా "గిది కూరనా, కుడితినా?" అనేది. నేనూ ఊరుకునేదాన్ని కాదు. కానీ క్రిస్మస్ ముందు రోజుల్లో ఆమె చిక్కుడుకాయలు ఒళ్ళో పోసుకుని ఎండలో కూర్చుంటే నేనూ పోయి ఎదురుగా కూర్చునేదాన్ని. గింజలు ఒలిచినంతసేపూ మేము కొట్లాడుకోలేదు. ఎందుకో నాకిప్పటికీ తెలియదు. ఊదారంగు అంచున్న కాయ, లోపల నల్లటి గింజ, గింజ నెత్తిన తెల్లటి గీత. పండగనాడు చర్చి నుంచి వచ్చేసరికి ఆ గింజల కూర ఉండాల్సిందే.

తను చనిపోయే ఏడాది ఆమె నాకొక గాజుసీసా ఇచ్చింది. నిండా కట్టెల బూడిద, బూడిదలో గింజలు. "ఏడాది తప్పకుంట పెట్టు. పారేస్తివా, పైకెళ్ళి చూస్తాంట నిన్ను," అంది. అదే ఆస్తి. పెద్దకోడలికి కమ్మలు, నాకు బూడిద అని మా ఆయన దగ్గర ఎన్నాళ్ళు సణిగానో లెక్కలేదు. సణుగుతూనే పెట్టాను. మొదటి ఏడాది తీగ మిద్దె గోడ దాటి పక్కింటి వాళ్ళ బట్టల తాడెక్కింది.

ఆ తీగకు ఒక మొండితనం ఉంది. ఎప్పుడు విత్తనం వేసినా సరే, చలి పడేదాకా పూయదు. వానాకాలమంతా ఆకులు, ఆకులు, ఆకులు. మనిషికి విసుగొస్తుంది. నవంబరులో పొద్దు తగ్గి చలి మొదలైతే, వారం తిరక్కుండా ఊదాపూలతో నిండిపోతుంది. పాతవాళ్ళకు ఇది చెప్పే పని లేదు. అయినా నేను ఎవరికి గింజలు పంపినా కవర్లో చీటీ పెట్టేదాన్ని: "చలి వచ్చేదాకా పూయదు. ఓపిక పట్టండి."

గ్రూపులో ఒక పద్ధతి ఉండేది. మొదటి కాపు ఎవరూ కోసుకుని తినకూడదు. ఆ గుత్తులకు ఎర్రగుడ్డ పీలిక కట్టాలి. అవి తీగ మీదే ఎండి గలగలమనాలి. ఆ గింజల్లో కొన్ని ఇచ్చినవాళ్ళకు తిరిగి పోవాలి, కొన్ని ఇంకొక కొత్త ఇంటికి పోవాలి, మిగిలినవే మన డబ్బాలోకి. మా ఇంట్లో పీలిక కట్టిన కాయ తెలియక తెంపినందుకు మా ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు నేను. గోంగూర అన్న అనేవాడు: "తల్లీ, గింజ నీ డబ్బాల కన్నా పక్కోళ్ళ డబ్బాల పదిలంగ ఉంటది. నీ ఇల్లు కాలితే వాళ్ళింట్ల ఉంటది గదా." అందుకే నేను ఎప్పుడూ ఎక్కువ దాచుకునేదాన్ని కాదు. ఇదిగో, ఆ నమ్మకమే నా కొంప ముంచింది.

జనం ఎప్పుడు పెరిగారో చెప్పలేను. ఎవరో వీడియో పెట్టారు, ఎవరో లింకు పంచారు. వందయ్యారు, ఐదువందలయ్యారు, ఆ తర్వాత లెక్క చూడటం మానేశాను. హైదరాబాదు వాళ్ళు, బెంగళూరు వాళ్ళు, ఎక్కడెక్కడి వాళ్ళో. మొదట్లో మురిసిపోయాను, అబద్ధమెందుకు. ఒక డిసెంబరులో నా తీగ ఫొటో పెడితే ఫోన్ గంట సేపు మోగుతూనే ఉంది. "వావ్ మేడమ్", "సూపర్ అక్కా", "మాకూ పంపండి ప్లీజ్". బడిలో నా మాట వినే దిక్కు లేదు, ఇక్కడ ఇంతమంది. తల తిరిగిపోయింది నాకు. పీలిక కట్టిన గుత్తులు ఎండగానే ఇరవై కవర్లు తయారు చేశాను. చీటీలు రాసే ఓపిక లేకపోయింది. బూడిద రాలితే కవరు మురికి అవుతుందని గింజలు తుడిచి, దూది చుట్టి, నీటుగా పంపాను. సీసాలో పది గింజలు మిగిలాయి. మా ఆయన చూసి, "అన్ని వాళ్ళకే ఇచ్చుడేంది? జర ఉంచుకోరాదు," అన్నాడు. "నీకేం తెలుసు మా పద్ధతి," అన్నాను.

ఆ ఇరవై మందిలో ఒక్కరు కూడా గింజ తిరిగి పంపలేదు. అందింది అని చెప్పినవాళ్ళే నలుగురు.

ఆ తర్వాత గ్రూపు గుర్తుపట్టకుండా మారిపోయింది. పొద్దున ఆరింటికి గులాబీపూల మీద శుభోదయాలు. పది గంటలకు ఎరువుల అమ్మకాలు. ఒకాయన తులసి ఆకు ఎండితే ఏం చేయాలని అడిగితే ముప్పైమంది ముప్పై మందులు చెప్పేవారు, అందులో ఇరవైమంది తులసి పెంచినవాళ్ళు కారు. గోంగూర అన్న ఎర్రగుడ్డ పద్ధతి గురించి మళ్ళీ రాస్తే ఒక పిల్లాడు నవ్వుతున్న బొమ్మలు నాలుగు పెట్టి, "అంకుల్, ప్యాకెట్ ఆన్‌లైన్‌ల దొరుకుతాంది కదా, గింత పరేషాన్ ఎందుకు?" అన్నాడు. మర్నాడు ఆయన నెంబరు కింద 'గ్రూపు నుంచి వెళ్ళిపోయారు' అని కనబడింది. దాని కింద ఎవరో గులాబీపూలు పెట్టారు. నాకు ఒళ్ళు మండింది. ఫోన్ చేస్తే, "పోనీ తల్లీ, ఫికర్ చెయ్యకు, నా గోంగూర నాకున్నది," అన్నాడు. ఆ ఎండాకాలంలోనే గుండె ఆగి పోయాడు. ఆ కబురు గ్రూపులో పెట్టాలనిపించలేదు నాకు. ఈ మందలో ఎవరికి చెప్పాలి?

ఆ రోజే గ్రూపును మ్యూట్‌లో పెట్టాను. తీసేయడానికి మనసు రాలేదు, చూడటానికీ మనసు రాలేదు. వీళ్ళ మొహాలు నాకెందుకు అనుకున్నాను.

జూన్‌లో వానలు పడగానే మిగిలిన పది గింజలూ పెట్టాను. ఎనిమిది మొలిచాయి. నవంబరులో పూత, డిసెంబరు మొదటి వారంలో లేతకాయ. మొదటి గుత్తులకు పీలికలు కట్టాను. ఒక ఆదివారం మేము చర్చికి పోయి వచ్చేసరికి మిద్దె మీద కోతుల మంద. తీగ లేదు. పందిరి కర్రలు విరిగి ఉన్నాయి, కుండీలు పగిలి ఉన్నాయి, వేళ్ళతో సహా పీకేశాయి. లేతకాయల్ని కొరికి కొరికి ఉమ్మేశాయి, తినను కూడా తినలేదు. ఒక్కొక్క కాయా ఏరి విప్పి చూశాను. లోపల పచ్చి పొట్టు తప్ప గింజ కట్టలేదు. అక్కడే కూలబడి ఏడ్చాను. మా అత్త చచ్చిపోయినప్పుడు కూడా నేను అంత ఏడవలేదు, ఈ మాట రాయడానికి నాకేమీ గొప్పగా లేదు.

మరి పక్కోళ్ళ డబ్బాలున్నాయి కదా? జనవరిలో మళ్ళీ గ్రూపు తెరిచి అడిగాను. నా చిక్కుడు ఎవరి దగ్గరైనా ఉంటే ఐదు గింజలు చాలు, కాదు రెండు చాలు అని రాశాను. డెబ్బై జవాబులొచ్చాయి. "నాకు కూడా కావాలి." "మాకూ పంపండి మేడమ్." "ధర ఎంత?" ఇంకా బొటనవేళ్ళు, దండాలు, పూలు. గింజ ఉందన్నవాళ్ళు లేరు. నేను చిక్కుడు అక్కనని తెలిసినవాళ్ళు కూడా లేరు.

నేను కవర్లు పంపిన ఇరవైమంది నెంబర్లు వెతికి ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. కొందరు ఎత్తలేదు. కొందరికి మొలవలేదు. ఒకామె, "అబ్బ, ఎంత రుచండీ, ఒక్కటి మిగల్చకుండా వండేశాం," అంది సంతోషంగా. కరీంనగర్ ఆమె మాత్రం, "అయ్యో, మీ కవరు ఇంకా విప్పనేలేదు అక్కా, అట్లనే ఉన్నది," అంది. నా ప్రాణం లేచొచ్చింది. "ఇప్పుడే విప్పు తల్లీ, నేను లైన్‌లోనే ఉంటా," అన్నాను. కాగితం చప్పుడు వినబడింది. "పిండి పిండి అయినయి అక్కా. పురుగు పట్టింది," అంది. బూడిద వేసి ఉంటే పురుగు పట్టేది కాదు. ఆమెకు ఆ మాట చెప్పలేదు.

పాతవాళ్ళలో మిగతావాళ్ళు నా చిక్కుడు పెట్టడం ఎప్పుడో మానేశారు, ఇక మిగిలింది కాకర తమ్ముడు. మొదటి నలభై మందిలో వాడు, రైల్వే క్వార్టర్ కంచె మీద నా చిక్కుడు ఏళ్ళ తరబడి కాయించాడు. ఏడాది కింద బల్లార్షా వైపు బదిలీ అయి పోయాడు. ఫోన్ ఎత్తగానే అడిగాను. "నా తాన లేవక్కా," అన్నాడు. "ఇక్కడ జాగ లేదు, ఒక్కగది. వచ్చేటప్పుడు మన పద్ధతి ప్రకారం కొత్త పిల్లకు ఇచ్చిన, హన్మకొండల ఉంటది. డబ్బా డబ్బా ఇచ్చిన. మస్తు శ్రద్ధ ఉన్న పిల్ల. సామాను కట్టుకునే హడావుడిల అన్నీ చెప్పలే గని, ఏదన్న డౌట్ వస్తే గ్రూపుల చిక్కుడు అక్కను అడుగుమన్న. అడిగే ఉంటది గదా?"

నెంబరు తీసుకుని మర్నాడే హన్మకొండ పోయాను. తీగ ఉంటే ఇప్పుడు కాత మీద ఉండాలి. సంచీలో గుడ్డ పీలికలు కూడా పెట్టుకున్నాను. తలుపు తీసిన అమ్మాయికి పాతికేళ్ళుంటాయి. కూర్చోమంది, మంచినీళ్ళిచ్చింది, విషయం చెప్పగానే తల దించుకుంది. మిద్దె మీదికి తీసుకుపోయింది. పెద్ద పెద్ద సిమెంటు తొట్లు, గట్టి ఇనుప పందిరి, కోతులు రాకుండా చుట్టూ జాలీ. నేను అంత బందోబస్తు ఎప్పుడూ చేయలేదు. పందిరి మీద బీరతీగ ఉంది.

"మార్చిల పెట్టినాంటీ, డబ్బాల ఉన్నయన్నీ. మొలవకపోతే ఎట్లా అని ఒక్కటి సుత ఉంచలే. పందిరి మొత్తం కప్పేసింది. ఐదో నెల వచ్చినా ఒక్క పువ్వు లేదు. గ్రూపుల అడిగితే అందరు, అది మగతీగ, దండగ, పీకేయుండ్రి అన్నరు. నేను అప్పుడే పీకలే. అన్న మీ గురించి చెప్పిండు కదా, మిమ్మల్నే ట్యాగ్ చేసిన. మీరు చూడలేదేమో అని మళ్ళ చేసిన. ఆఖరికి పీకేసినాంటీ."

ఎక్కడో తప్పు పట్టుకోవాలని ఫోన్ తీసి గ్రూపులో జూలై దాకా వెనక్కి జరిపాను. శుభోదయాల మధ్య ఉంది. 'చిక్కుడు అక్కా, ప్లీజ్, ఒక్కసారి చూడండి, పీకాలా ఉంచాలా?' ఫొటోలో ఆ ఆకులు నావే, వేల ఆకుల్లో ఉన్నా గుర్తుపడతాను. మూడు రోజులకు మళ్ళీ అడిగింది. తొమ్మిదో రోజున మళ్ళీ. దాని కింద ఎవరో, 'ఆ అక్క ఎవరో గానీ రారు, పీకెయ్ చెల్లీ' అని రాశారు. అప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను. ఫోన్ చేతిలోనే ఉంది.

"అందరు నవ్వుతాన్రని తర్వాత నేను గ్రూపుల నుంచి ఎగ్జిట్ అయిన ఆంటీ," అంది. "తప్పు చేసిన్నా?"

ఆ పిల్లను నాలుగు దులుపుదామని బస్సులో మాటలు కూర్చుకుని వెళ్ళినదాన్ని. "లేదమ్మా," అన్నాను. ఎందుకు పూయలేదో చెప్పాను. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఒక్క మాట చెప్తే ఉంచేదాన్ని కదాంటీ," అంది. నిందలా అనలేదు, మామూలుగానే అంది.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. దొరికిందా అని అడిగాడు. పీకేసిందట అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. ఎంతైనా వాళ్ళమ్మ విత్తనం.

"కొత్తోళ్ళకు ఏం తెలుస్తది," అన్నాడు.

"అవును, ఏం తెలుస్తది," అన్నాను.