రెండు ఎడమ చేతుల కోటు

దర్జీ మామయ్య చేతిలో ఏ బట్ట పాడైనా తప్పు ఆయనది కాదు, ఈ విశ్వానిది. ఇలాంటి విశ్వాలు లెక్కలేనన్ని ఉన్నాయనీ, వాటిలో ఎక్కడో ఒకచోట ఆ చొక్కా చక్కగా కుదిరే ఉంటుందనీ ఆయన గట్టి నమ్మకం.

"మెడ బిగుసుకుపోతోంది మాస్టారూ!"

"ఇంకో విశ్వంలో వదులుగానే ఉందండీ. సంతోషించండి."

"నేనున్నది ఇక్కడయ్యా బాబూ!"

అంతటితో ఆగడు. విశ్వం ఉబ్బుతుందట, ముడుచుకుపోతుందట, మళ్ళీ మొదటినుంచీ ఉబ్బుతుందట. "నూలుబట్ట ఉతికితే ముడుచుకోదూ? అంతే!" అంటాడు. చొక్కా చేతికొచ్చేసరికి వచ్చినవాడికి తల తిరిగిపోతుంది. అత్తయ్య టీలో పంచదార మరిచిపోయినా, "పోయిన విశ్వంలో రెండింతలు వేశావులే" అని గుటుక్కున మింగేస్తాడు. ఈయనతో ఎలా వేగుతోందోనని కోడలికి అత్తయ్య మీద జాలి.

కోడలి బాధ వేరు. గుండీలు కుట్టీ కుట్టీ విసిగిపోయి, బతిమాలి బతిమాలి కత్తెర పట్టింది. "ఒక్క బట్ట పాడైందో, మళ్ళీ గుండీల దగ్గరికే" అని అత్తయ్య ముందే చెప్పేసింది. మొదటి పని లాయరుగారి నల్లకోటు. కంగారులో బట్ట తిరగెయ్యడం మరిచిపోయి రెండు చేతులూ ఎడమవే కోసింది. ఆ కంగారులోనే వాటిని కోటుకు పెట్టి వదులుగా టాకాలూ వేసేసింది. లాయరు వచ్చి తొడుక్కునేదాకా ఆ సంగతి ఆమెకే తెలియదు.

కుడి చెయ్యి వెనక్కి తిరిగిపోయింది.

"ఏమిటయ్యా ఇది? నేను కోర్టులో వాదించాలా, డాన్సు చెయ్యాలా?" అని లాయరు కేకలేశాడు.

కోడలికి పై ప్రాణాలు పైనే పోయాయి. నిజం చెప్పేద్దామని నోరు తెరవబోయింది.

"నేనే కోశానండీ" అన్నాడు మామయ్య తలెత్తకుండానే. "పోయిన విశ్వంలోనూ నేనే..."

"అనుకున్నా! ఈ ఘనకార్యం ఇంకెవరు చేస్తారు?"

లాయరుకు సాక్ష్యం కూడా అక్కర్లేకపోయింది. మామయ్య విశ్వం ముడుచుకునే ఘట్టానికి రాగానే, రేపొస్తానని కోటు విప్పేసి పారిపోయాడు.

"కోసింది నేను కదా మామయ్యా?" అంది కోడలు మెల్లగా. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

"నా పిచ్చి అందరికీ తెలుసమ్మా. అందులో ఇదీ కలిసిపోతుంది. నువ్వు కొత్తదానివి, నీ పేరున మచ్చ పడితే పోదు. మిగిలిన బట్టలో ఇంకో చెయ్యి వస్తుంది, చూడు" అని మామయ్య కత్తెర అందించబోయాడు.

ఇంతలో, లాయరుతో మామయ్య అన్నది లోపలి గదిలోంచి విన్న అత్తయ్య విసురుగా వచ్చి ఆ కత్తెర లాక్కుంది. "మతి ఉండే కోస్తున్నారా? ఇకమీదట మీరు కత్తెర ముట్టుకుంటే నేనూరుకోను! అమ్మాయీ, ఇవాళ్టినుంచి కటింగంతా నువ్వే చూసుకో."

మామయ్య ఘోరమైన అన్యాయం జరిగినవాడిలా మొహం పెట్టుకుని మిషను ముందు కూర్చున్నాడు. కోడలు నవ్వు ఆపుకుంటూ బట్ట తిరగేసింది.