భగోడా అన్న మాట

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ యార్డులో చెరుకు బండ్లను వరుసలో పెట్టించే తుకారాంను జనం చాటున ‘భగోడా’ అనేవాళ్ళు. మిలిటరీ నుంచి పారిపోయి వచ్చినవాడని అర్థం. అతని డిశ్చార్జి బుక్కులోనూ దాదాపు అదే ఉంది: సెలవు లేకుండా పదేపదే వెళ్ళిపోయినందుకు బర్తరఫ్.

అతను ఒక చోట నిలవలేడు. యార్డు పని అందుకే సరిపోయింది, పొద్దంతా బండ్ల మధ్య తిరగడమే. ఇంట్లో కంచం చేత పట్టుకొని వాకిట్లో నడుస్తూ తినేవాడు. ఇంటికి తలుపు పెట్టనిచ్చేవాడు కాదు. భార్య రుక్మాబాయి అది మొండితనమనుకొని చాలా ఏళ్ళు పోట్లాడి, చివరికి ఊరుకుంది.

1986లో వేల్పూర్ నుంచి రామ్‌దాస్ బోధన్‌కు పెండ్లికి వచ్చాడు. తుకారాం యూనిట్‌లోనే పనిచేసి, రిటైరై, పసుపు పంట వేసుకుంటున్న మనిషి. యార్డు పక్కన పోతూ తుకారాంను గుర్తుపట్టాడు. అప్పుడే ఒక బండివాడు ‘భగోడా’ అన్న మాట కూడా అతని చెవిన పడింది. సాయంత్రం తిన్నగా ఇంటికే వచ్చి రుక్మాబాయి ఎదుట కూర్చున్నాడు.

“వదినె, గీయన పారిపోలె. డెబ్బై ఒకటి లడాయిల మేం తవ్వుకున్న మోర్చా గుంత కూలి గీయన, మా తోటి జవాను ఆత్మారాం మట్టి కింద వడ్డరు. మేం తవ్వి తీసెటాల్లకు ఆత్మారాం పోయిండు. గప్పటిసంది బారక్ తలుపు మూస్తె గీయనకు పానం నిల్వకపోయేది. లేసి నడుసుకుంట పోయేది.”

రుక్మాబాయి వాకిట్లోకి చూసింది. తుకారాం ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతున్నాడు.

“నాకెందుకు సెప్పలె?” అంది.

“సెప్తె ఏం జేస్తుంటివి?” అన్నాడు తుకారాం నడక ఆపకుండానే.

“గిన్నేండ్లు తిట్టకుంట ఉంటుంటి.”

రామ్‌దాస్ పట్టుబట్టి అతన్ని నిజామాబాద్‌లో మాజీ సైనికుల ఆఫీసుకు తీసుకుపోయాడు. అక్కడ బాపురావు అనే రిటైరైన సుబేదార్ బుక్కు తిరగేశాడు.

“బర్తరఫ్ తీసెయ్యమని అర్జీ పెట్టొచ్చు తుకారాం. కాని గప్పుడు నీ దిమాక్ మంచిగ లేకుండె అని నువ్వే రాసియ్యాలె. డాక్టర్లు సూస్తరు.”

“పిచ్చోన్నని నేనే రాసియ్యాల్నా సాబ్?”

“పిచ్చి కాదు. బీమారి. జరం అసుంటిదే.”

“మా గల్లీల రెండు ఒకటే” అని బుక్కు లాక్కొని బయటపడ్డాడు. బస్సు కోసం ఆగలేదు. బోధన్ రోడ్డు పట్టి నడిచాడు. ఇల్లు చేరేసరికి పాదాలు పొంగి ఉన్నాయి.

అక్కడితో ఆ మాట ముగిసిందనుకుంది రుక్మాబాయి. కానీ అతనికి నెమ్మది పోయింది. యార్డులో పని మధ్యలో వదిలేసి మంజీర ఒడ్డుకు పోయి, అవతలి గట్టు చూసి తిరిగొచ్చేవాడు. ఒకనాడు ఆమె వెనకే పోయి అడిగింది.

“ఆత్మారాం ఊరు గటే” అన్నాడు. “తల్లి ఉన్నది. నేను పోయి సెప్పాలె. భగోడా ఒకడు వచ్చి, నీ కొడుకు నా పక్కనే సచ్చిండు అంటె ఆమె నమ్ముతదా?”

రుక్మాబాయి అతని పక్కన నడిచింది. “పిచ్చోడంటె అననియ్యి. నీకు గా తల్లి ముంగట నిలవడే గావాలె గద. రాసియ్యి.”

రాసిచ్చాడు.

సికింద్రాబాద్‌లో మిలిటరీ డాక్టర్ల ముందుకు పిలిచారు. రుక్మాబాయి, రామ్‌దాస్ తోడు వెళ్ళారు. జవాను తలుపు మూయగానే తుకారాం చొక్కా చెమటతో తడిసింది. మొదటి ప్రశ్నకే లేచి, తలుపు తీసుకొని వరండాలోకి పోయాడు. ఒక యువ డాక్టరు అతని వెంట వచ్చి, పక్కన నడుస్తూ అడగవలసినవన్నీ అడిగాడు. తర్వాత రుక్మాబాయి వైపు తిరిగాడు.

“మా ఇంటికి తలుపు లేదు సాబ్” అంది ఆమె. “దొంగలు వచ్చి పోయిండ్రు, అయినా పెట్టనియ్యలె. సలికాలం వాకిలికి గోనెసంచులు కట్టి పోరగాండ్లను పండవెడ్తి.”

తవ్వి తీసిన సంగతి రామ్‌దాస్ చెప్పాడు.

జవాబు రావడానికి రెండేళ్ళు పట్టింది. బర్తరఫ్ రద్దు చేసి, అనారోగ్యం వల్ల విడుదల అని మార్చారు. పింఛనుకు మళ్ళీ వేరే అర్జీ పెట్టుకోమన్నారు.

యార్డులో భగోడా అనడం ఆగింది. కానీ రాజమల్లు అనే బండివాడు అతనితో చిన్నపిల్లవాడితో మాట్లాడినట్టు మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టాడు. తుకారాంకు అది మరీ కష్టంగా ఉండేది. “తిడితె తిరిగి తిడుదును. గీనికేమనాలె?” అని భార్య దగ్గర చికాకుపడేవాడు.

ఆ ఎండాకాలమే ఇద్దరూ మంజీర దాటి పోయారు. ఆత్మారాం తల్లి రాధాబాయి గుడిసె ముందు మంచం మీద కూర్చొని ఉంది. తుకారాం నిలబడి చెప్పడం మొదలుపెట్టి, నడుస్తూ చెప్పాడు. అతను ఎటు నడిస్తే అటు ఆమె తల తిప్పింది.

“వాడు ఏమన్న మాట్లాడిండా బిడ్డా?” అంది చివరికి.

“మాట్లాడిండు అవ్వా. ఇంటికాడ బర్రె ఈనిందో లేదో అన్నడు. ఈనింది, పెయ్యదూడ అని సెప్పిన. నాకు తెల్వదు. ఊకె సెప్పిన.”

రాధాబాయి కొంగుతో మూతి తుడుచుకుంది. “గా బర్రెను అప్పటికే అమ్మినం. బాధపడ్తడని వానికి రాయలె.”

నవ్వింది. వెంటనే ఏడ్చింది. రుక్మాబాయి పోయి ఆమె పక్కన కూర్చుంది. తుకారాం వాకిట్లో తిరుగుతూనే ఉన్నాడు.

తర్వాత ఏటా చెరుకు ఆడటం అయిపోగానే ఇద్దరూ ఆ ఊరు పోయి వచ్చేవాళ్ళు. రాధాబాయి చనిపోయిన సంవత్సరం కూడా వెళ్ళారు. పింఛను అర్జీ అప్పటికీ తేలలేదు.