బావ అడిగిన కోళ్ల సంగతి

మొన్న జనగామ దవాఖానలో కళ్ల పరీక్షకని కూర్చుంటే, పక్క బెంచీమీద ఓ కుర్ర తండ్రి ఫోనులో ఎవరికో చెబుతున్నాడు. "మల్ల ఆడపిల్లనే అన్నా. నా ఎక్స్ క్రోమోజోమే పోయింది, ఏం జేస్తం? ఇంకోపారి సూడాలె." చదువుకున్నవాడే, సంగతంతా తెలిసినవాడే. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ మంట ఇవాళ్టిది కాదు. నా ఈడువాళ్లకు చెబితే అర్థమవుతుంది.

నేను కాటారం బడిలో జీవశాస్త్రం టీచరుగా చేరిన కొత్తలో, పెద్దవంగరలో మా అక్కకు మూడో ఆడపిల్ల పుట్టింది. అక్కకు మగపిల్లాడిని కనే గీత లేదని చెప్పి, బావ ఇంకో పెళ్లికి సిద్ధమై పెద్దమనుషుల్ని కూర్చోబెట్టాడు. కబురు తెలియగానే నేను బస్సులు మారి మారి, సంచిలో నాలుగు సుద్దముక్కలు వేసుకుని, అన్యాయాన్ని ఒక్క పాఠంతో చిత్తు చేయగలనన్న పిచ్చి ధీమాతో వెళ్లాను.

వాకిట్లో బండలమీద ఎక్స్, వై గీసి, తల్లి ఇచ్చేది ఎప్పుడూ ఎక్సేనని, తండ్రి ఏదిస్తే దాన్నిబట్టే ఆడో మగో అవుతుందని చెప్పాను. ఎప్పుడో కోట్ల ఏళ్లనాడు ఆ రెండూ సరిసమానమైన జతేనని, ఒకదానిలో మగ గుర్తు పుట్టి, అది జోడుతో ముక్కలు మార్చుకోవడం మానేసి, ఉన్నదంతా కొంచెం కొంచెంగా పోగొట్టుకుని చివరికి ఇంత వైగా చిక్కిపోయిందని కూడా చెప్పాను. మొసళ్లకైతే అసలు ఈ జతే లేదు, గుడ్లున్న గూటి వేడే తేలుస్తుందంటే పెద్దమనుషులు నోళ్లు తెరుచుకుని విన్నారు. గెలిచాననే అనుకున్నాను.

"మరి కోళ్లల్ల ఎట్ల?" అన్నాడు బావ.

అబద్ధం రాని వయసు. పక్షుల్లో ఈ ఏర్పాటు వేరే దారిలో వచ్చిందని, అక్కడ తల్లినిబట్టే తేలుతుందని ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"ఇన్నరా? తల్లిదేనట! గీ పిల్లనే ఒప్పుకున్నది" అని బావ తొడ చరిచాడు. వాకిలంతా గొల్లుమంది. అక్క కోడి కాదు, మనిషని నేను గొంతు చించుకుంటూనే ఉన్నాను. ఎవరూ వినలేదు.

అప్పుడు గడపలో పసిదాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అక్క లేచింది.

"తప్పు నాదా, ఆయనదా అని గీతలు గీస్తున్నవా చెల్లె? ఆడపిల్ల పుట్టుడే తప్పని నీకెవరు చెప్పిండ్రు?"

ఆ మాటతో ముగ్గురు పిల్లల్నీ తీసుకుని నాతోపాటు బస్సెక్కింది. బావ నెల తిరక్కుండా పెళ్లి చేసుకున్నాడు. అక్క కాటారంలో నా గదిలోనే ఉండి, బట్టలు కుట్టి పిల్లల్ని చదివించింది. బావమీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు గాని, అందులో సగం నామీదే. నేను అక్కడికి వెళ్లింది తప్పును అక్క నెత్తినుంచి తీసి బావ నెత్తిన పెట్టడానికే. అసలది తప్పే కాదనడం నాకు తోచనే లేదు.

తర్వాత కురవికి బదిలీ అయినా, ఇంకెక్కడికి వెళ్లినా, ఏటా అదే పాఠం చెప్పాను. పిల్లలందరూ పరీక్షలో తప్పుల్లేకుండా రాశారు. ఇవాళ ఆ సంగతి తెలియని ఇల్లు దాదాపు లేదు. తెలియకనే మనుషులు ఇలా ఉన్నారని, తెలిస్తే మారిపోతారని నమ్మి పోట్లాడిన ఆ రోజులు ఎంత తేలికైనవో, ఇప్పుడు అర్థమవుతోంది.