అక్క వడకని నూలు

మా మనవరాలు మళ్ళీ టీచర్ల అర్హత పరీక్షకు కూర్చుంటోంది. బి.ఎస్సీ. అయింది, బి.ఎడ్. అయింది, అయినా అర్హత మాత్రం ఇంకా రాలేదట. ధర్మపురిలో కంప్యూటరు అంగడికి పోయి, దరఖాస్తు తప్పుగా నింపి, మూడుసార్లు అచ్చు వేయించుకుని వచ్చింది. చెడిన కాగితాలను చింపబోతుంటే లాక్కుని, వాటి వెనకవైపున ఇది రాస్తున్నాను. దాని చదువంతా అరవంలోనే, తెలుగు అక్షరం రాదు కనుక ఏం రాస్తున్నానో తొంగిచూసే భయం లేదు. ఏమేం సబ్జెక్టులే అని అడిగితే పిల్లల మనస్తత్వం, భాష, ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు అని చదివింది. నూలు లేదా అన్నాను.

"నూలేంది అవ్వా? నేను టీచర్ పనికి పోతా ఉండానా, మగ్గం గుంతలోకి దిగతా ఉండానా?" అని పడీపడీ నవ్వింది.

నా ఈడువాళ్ళు ఎవరూ దీనికి నవ్వరు. ఆ రోజుల్లో ఎనిమిదో తరగతి గట్టెక్కి, రెండేళ్ళు ట్రైనింగు చేస్తే చిన్న బడికి టీచరు కావచ్చు. వినడానికి ఎంత సులువు! పాఠం చెప్పడం, లెక్క చేయడం వస్తే చాలదు. బోర్డు మీద బొమ్మ గీయాలి, పాట పాడాలి, పిల్లలచేత కసరత్తు చేయించాలి, పెరట్లో వంకాయ నారు పోసి కాయ కాయించాలి, ఇవన్నీ అయ్యాక తకిలి తిప్పి నూలు వడికి చిలపలుగా, అంటే నూలు కట్టలుగా చుట్టి అప్పగించాలి. ఒక్కటి తప్పినా సర్టిఫికెట్టు లేదు. పసిపిల్లలకు అక్షరాలు దిద్దించడానికి, అడుగున బిళ్ళ ఉన్న ఆ ఇనుప పుల్ల ఎందుకో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు.

మాది మహేంద్రమంగళం పక్కన మెట్ట సేద్యం. నన్ను నాలుగో తరగతితో మాన్పించి మేకల వెంట తోలారు. నాకంటే మూడేళ్ళు పెద్దదైన అక్కకు చదువు బాగా అబ్బిందని, టీచరమ్మే ఇంటికొచ్చి బతిమాలితే నాయన ట్రైనింగుకు ఒప్పుకున్నాడు, అదీ ఒక షరతు మీద. "ఒక తూరి పంపిస్తా. తప్పినావో, కొడవలి ఎత్తుకోని నా వెనకాల రావాల."

శనివారం బస్సుకు అక్క ట్రైనింగు హాస్టలు నుంచి, వడకడానికిచ్చిన పత్తి ఏకుల మూటతో ఇంటికి వచ్చేది. లెక్కల్లో మెరుపులాంటి ఆ మనిషి చేతికి తకిలి లొంగేది కాదు. నూలు ఒకచోట తాడంత లావు, ఒకచోట వెంట్రుకంత సన్నం, ఆపైన పుటుక్కున తెగడం. తెగినప్పుడల్లా చిటికెడు పత్తి నేలపాలు. చేటలోంచి జారిన గింజనైనా ఏరుకునే నాకు అది చూస్తే కడుపు మండేది. "ఇటియ్యే, పత్తంతా నాశనం చేస్తా ఉండావు" అని లాక్కుని నేనే వడికేదాన్ని. మేకలు మేస్తుంటే నేను వడకడం, అది పక్కన కూర్చుని తన పాఠాలు గట్టిగా చదవడం, ఇలా రెండేళ్ళు గడిచాయి. చిలపల మీద దాని పేరు. అది దొంగతనమని మా ఇద్దరికీ తోచనేలేదు, పత్తి మిగులుతోంది కదా అనుకున్నాం.

పరీక్ష పెట్టడానికి బయటి ఊరినుంచి వచ్చిన పెద్ద టీచరమ్మ ఆ చిలపల కుప్పను పక్కకు నెట్టి, అందరికీ రెండేసి ఏకులిచ్చి, నా ఎదురుగా వడకండి అన్నదట. అక్క నూలు రెండు చుట్లు తిరగకుండానే తెగింది. ఆమె కుప్పలోంచి అక్క పేరున్న చిలప తీసి, తెగిన నూలు పక్కన పెట్టి చూసి, కాగితం మీద గీత గీసింది. అక్క మిగతా అన్నిట్లోనూ నెగ్గింది, నూలులో తప్పింది.

నాయన తిట్టలేదు. చూరులోంచి కొడవలి తీసి అక్క ముందు పెట్టాడు. నేనే ఆగలేక, రెండేళ్ళలో ఆ మాత్రం నేర్చుకోలేకపోయావా అని అరిచాను.

"నువ్వు ఇడిస్తే కదే నేర్చుకునేది! నా చేతిలోది పెరుక్కునింది ఎవురు?" అని అది తిరగబడింది.

తప్పిన సబ్జెక్టు ఒక్కదానికే మూడు నెలల తర్వాత మళ్ళీ పరీక్షకు కూర్చోవచ్చని తెలిసి, దాని వంతు కలుపు కూడా నేనే తీస్తానని నాయన కాళ్ళావేళ్ళా పడితే, ఆయన కొడవలి మళ్ళీ చూరులో పెట్టాడు.

ఇక ఆ మూడు నెలలు! తెల్లవారి చేనికి పోయేలోపు అది వడకాలి, నేను ఎదురుగా కూర్చోవాలి. మనకు వచ్చిన పనిని ఇంకొకరు పాడు చేస్తుంటే కదలకుండా చూడడం ఎంత నరకమో చూసినవాళ్ళకే తెలుస్తుంది. చేతులు వాటంతటవే లేస్తుంటే, రెండు అరచేతులూ తొడల కింద అదిమిపెట్టుకుని కూర్చునేదాన్ని.

"మళ్ళీ తెగెనే."

"తెగనీ. ఇంగో ఏకు ఎత్తుకో."

ఆ "తెగనీ" అనడానికి నా ప్రాణం పోయేది. రెండో నెల చివర్లో మూరెడు నూలు తెగకుండా నిలిచింది. మూడో నెలకు అది నూలని చెప్పుకోదగ్గ నూలయింది. అక్క నెగ్గింది.

ఇంతా చేస్తే, ఉద్యోగంలో చేరిన కొన్నేళ్ళకే బడుల్లో తకిలి మాటే లేకుండా పోయింది. రిటైరయ్యేదాకా అక్క ఏ పిల్లకూ నూలు నేర్పింది లేదు. ఇంత చాకిరీ దేనికి చేయించారు మాచేత అని నేను సణిగితే నవ్వేది. పలక మీద వంకరగా దిద్దుతున్న పిల్ల పక్కన తను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాననీ, తోటి టీచర్లు ఆటపట్టిస్తారనీ చెప్పేది.

అక్క పోయి చాలా ఏళ్ళయింది. మొన్న మనవరాలి బి.ఎడ్. పెట్టె సర్దుతుంటే అట్టలతో చేసిన బొమ్మలు, రంగురంగుల పటాలు కనిపించాయి. ఎంత పనిమంతురాలివే అన్నాను. బస్టాండు దగ్గర అంగడిలో చేసి పెట్టినవే అమ్ముతారట, క్లాసులో అందరూ అక్కడే కొని మార్కులకు చూపించారట, సిగ్గుపడకుండా చెప్పింది. ఎదురుగా కూర్చుని చెయ్యమని ఎవరూ అడగలేదా అంటే, అంత తీరిక ఎవరికుంది అవ్వా అంది. నిజమే కాబోలు. ఇప్పుడు ఎవరి నూలూ తెగదు, చేతిపనిలో ఎవరూ తప్పరు. ఎవరికీ అలాంటి మూడు నెలలు దొరకవు.